కొండకు మూడవ త్రోవ

సికింద్రాబాదునందలి ఏ.ఎస్. రావు నగరము, 1967లో వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుకు ఆద్యుడైన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి పేరిట ఏర్పడిన పేట. ఇచటి గృహస్థులలో తిరుపతి వరకు రైలులో పోయి, అటనుండి కాలినడకను కొండ నెక్కువారు కలరు. “నడచుట మాకిష్టమే, ఆ జనసమ్మర్దమే భరింపరానిది. నెమ్మదిగా పోదగిన త్రోవ వేరొకటి లేదా?” అను మాట వారి నోట వినవచ్చుచున్నది. ఈ కోరిక న్యాయమైనదా, న్యాయమైనచో దానిని తీర్చుకొను విధమెట్టిదని మేమిచట విచారింప దలచితిమి.

నడచువారికి నేడు ముఖ్యముగా రెండు త్రోవలున్నవి. అలిపిరి త్రోవకు మెట్లు సుమారు 3,550. శ్రీనివాసమంగాపురము చేరువనుండి పోవు శ్రీవారిమెట్టు త్రోవకు 2,388. 1944లో మొదటి ఘాటురోడ్డును, 1974లో రెండవదియు ఏర్పడిన పిదప నడక తప్పనిసరి కాకపోయినది. పూర్వులకు అది గత్యంతరము లేని పని. మనకు కోరి చేయు పని. కోరి చేయు పనిలో ప్రశాంతిని వెదకుట తప్పుగాదు. దుకాణముల కేకలు, చేతిలోని ఫోనులనుండి వెలువడు పాటలు, ఫొటోలకై త్రోవ కడ్డముగా నిలుచువారు, వీరి నడుమ మనస్సు నిలుపుట కష్టమేయని మేమును ఒప్పుకొందుము.

ఇట్టివారి దృష్టి సహజముగా మూడవ త్రోవపై పడును. కడప వైపునుండి, మామండూరు, కుక్కలదొడ్డి ప్రాంతములగుండ, శేషాచలపుటడవిలో సాగు పాతదారిని అన్నమయ్య మార్గమందురు. 2021 డిసెంబరు 1వ తేదీన ఘాటురోడ్డుపై బండలు విరిగిపడిన పిమ్మట, దీనిని బాగుచేయవలెనను ఆలోచనకు బలము చేకూరినది. ఆ త్రోవను తెరచినచో మన కోరిక తీరునా?

తీరదని మా యభిప్రాయము. త్రోవ ప్రశాంతముగా నుండుటకు కారణము దానిలో జనము లేకుండుటయే. దానిని బాగుచేయుట యనగా మెట్లు కట్టుట, పైకప్పు వేయుట, దీపములు నిలుపుట, నీరును ఆహారమును అమర్చుట. ఇవి సమకూరిన మరునాటినుండి జనము వచ్చును, వచ్చుటయు న్యాయమే. ఒకప్పుడు కొందరికే తెలిసిన శ్రీవారిమెట్టు నేడు జనముతో నిండుచున్నది. నెమ్మదికై వేసిన త్రోవ ఆ నెమ్మదినే తరిమివేయును. అప్పుడు మనము నాలుగవ త్రోవను వెదకవలసి వచ్చును. పైగా కొండపై కట్టిన ప్రతిమెట్టును కాపాడు భారము కట్టినవారిదే. 2021 నవంబరు వానలకు చెడిన శ్రీవారిమెట్టు త్రోవను మరల తెరచుటకు 2022 మే నెల వరకు పట్టినది.

ఇంతకంటె గొప్ప ప్రశ్న మరియొకటి గలదు. మనము కోరు ఆ నిశ్శబ్దము ఎవరిది? శేషాచలము 2010లో జీవావరణ రక్షితప్రదేశముగా ప్రకటింపబడినది. రక్తచందనమునకు అది పుట్టినిల్లు. దేవాంగపిల్లి, చిరుతపులి, ఏనుగు అందు వసించుచున్నవి. 2023 జూన్‌లో అలిపిరి త్రోవలో చిరుత నోటబడిన బాలుడొకడు గాయములతో బయటపడెను; ఆగస్టులో ఆరేండ్ల బాలిక ప్రాణములనే కోల్పోయినది. నిత్యము వేలమంది నడచు త్రోవలోనే ఇట్లు జరిగినది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి తలకోనకు అడవిదారిని పోవుచుండిన భక్తులపై గుండాలకోన చెంత ఏనుగులు పడగా కొందరు మరణించిరి. ఆ కుటుంబముల దుఃఖము చిన్నది కాదు. కాని మృగమునకు అడవి వేరొక త్రోవ కాదు, ఇల్లు. మన ప్రశాంతికై దానికున్న ప్రశాంతిని తీసికొనుట ధర్మమా?

అలిపిరిలో జనము కిక్కిరియుటకు గల కారణమును గూడ మనము దయతో చూడవలెను. ఆ మెట్లపై ముసలితల్లి కర్ర ఊతగా ఎక్కగలదు. కూలివాడు పైకము లేకయే ఎక్కగలడు. మెట్టుమెట్టునకు పసుపు కుంకుమలు పెట్టు ఇల్లాలు అలసినచో కూర్చుండగలదు. మనము విసుగుకొను ఆ సమ్మర్దమే వారికి రక్షణ. అడవిదారి బలవంతులకు, తీరిక గలవారికి మాత్రమే నడువదగినది.

ఇక అన్నమయ్య మాట. తాళ్లపాకనుండి బయలుదేరిన ఆ బాలుడు యాత్రికుల గుంపుతో కలిసి పాడుచు నడచెనని ఆయన చరిత్ర చెప్పుచున్నది. ఎవరి పేర నిర్జనమైన త్రోవను కోరుచున్నామో ఆయనయే జనముతో నడచినవాడు! గుంపులో నుండియు లోపల నెమ్మదిగా నుండుట అసాధ్యము కాదనుటకు వేరొక నిదర్శనమేల?

అట్లని కోరికను చంపుకొనుమని మేము చెప్పము. త్రోవను మార్చుటకంటె దినమును మార్చుట మేలు: బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి, వేసవిసెలవులు విడిచి, సామాన్యమైన వారములో తెల్లవారిన పిదప బయలుదేరవచ్చును. ఫోనును సంచిలో దాచి, పిల్లలకు త్రోవలోని చెట్ల పేర్లు చెప్పుచు నడువవచ్చును. త్రోవ పొడవునను మైకులు, దుకాణములు తగ్గింపుమని అధికారులను కోరుట మన హక్కు. అన్నమయ్య మార్గమును తెరవవలసియే వచ్చినచో, అది అటవీశాఖవారి యనుమతితో, పగటివేళ, దారి తెలిసినవారి వెంట, కొలదిమందికి మాత్రమే, మెట్లును అంగళ్లును లేక సాగవలెను. ఏనుగులు తిరుగు నెలలలో అడవి వలదన్నచో మరలిరావలెను.

మన యింటిలోని పిల్లలకు ఇట్లు మరలివచ్చుట నేర్పగలిగితిమా, తిరుమలకు త్రోవలు రెండే యున్నను చాలును.