బడిలో అనుభవ మంటపము

శ్రీ గురుబసవలింగాయ నమః.



హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై హయత్‌నగరము దాటిన పిమ్మట బాటసింగారము వచ్చును. గడ్డిఅన్నారములోని పండ్ల మార్కెట్టు ఇచటికి తరలివచ్చినది. మామిడి కాలమున ఇచట లారీలు బారులు తీరును. రైతు పండించవలెను, డ్రైవరు తోలవలెను, హమాలీ మోయవలెను, ఊడ్చువారు ఊడ్వవలెను. ఇందులో ఏ ఒక్కరు లేకున్నను పండు నోటికందదు. ఇందరి కాయకము కలిసిన ఫలమే దేవుని పళ్లెరమున నైవేద్యమగుచున్నది.

ఇట్టి కష్టజీవుల బిడ్డలే సర్కారు బడులకు వత్తురు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల ప్రతి బిడ్డకును బడి తలుపు తెరచినది. అయితే పుస్తకపు తలుపు మాటయేమి? హమాలీ కూతురు పుస్తకము విప్పినపుడు తన యింటివంటి యిల్లు, తన తల్లివంటి తల్లి అందు కానవచ్చునా? రాజులుందురు, మునులుందురు, మంత్రులుందురు. మూపున బస్తా మోయు తండ్రి మాత్రము లేనిచో, ఆ బిడ్డ ఏ వాచకమునను లేని పాఠమొకటి నేర్చును. 'మనము పుస్తకమునకు తగినవారము కాము' అనునదే ఆ పాఠము. ఒకసారి నేర్చిన పిదప దానిని మరపించుట ఏ గురువునకైనను కష్టము.

పన్నెండవ శతాబ్దిలో కల్యాణ నగరమున బసవేశ్వరుడు ఈ పాఠమునే చెరిపివేసెను. అనుభవ మంటపమున తోలుపని చేయు డోహర కక్కయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య సమానముగా కూర్చుండిరి. అక్కమహాదేవి, ఆయ్దక్కి లక్కమ్మ తత్త్వమును చర్చించిరి. ఇందొక విశేషమును గమనింపవలెను. వారిని గూర్చి మరియొకరు జాలితో చెప్పలేదు. వారే తమ నోట తమ వచనములు చెప్పిరి. వినబడుట వేరు, వర్ణింపబడుట వేరు.

తెలుగువారికి ఈ సంపద కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు జాను తెనుగున, దేశి ఛందస్సైన ద్విపదలో బసవపురాణమును రచించెను. అందలి నాయకు లెవరు? వేటాడి బ్రతుకు కన్నప్ప. అంబలితో శివుని మెప్పించిన మాదార చెన్నయ్య. పాలు త్రాగుమని శివునితో మారాము చేసిన పసిపిల్ల గొడగూచి. తల్లి లేని శివునకు తానే తల్లియైన బెజ్జమహాదేవి. రామాయణము వ్రాసిన మొల్ల తన తండ్రి కేసయ్య గురులింగజంగమార్చన పరుడని చెప్పుకొన్నది. కుమ్మరి యింట కావ్యము పుట్టినపుడు, కుమ్మరి బిడ్డకు ఆ సంగతి బడిలో తెలియవలదా?

'పసివారి మనస్సులలో కులపు మాట ఎందుకు? తెలియనివారికి తెలిపి చెరచుట కాదా?' అని కొందరు పెద్దలు అడుగుదురు. వారి భయము మంచి మనసుతో పుట్టినదే. కాని అవమానము పుస్తకము కొరకు వేచియుండదు, వీధిలోనే ఎదురువచ్చును. 1941లో వెలువడిన గుఱ్ఱం జాషువ గబ్బిలమున, గుడిలో అడుగిడరాని అభాగ్యుడు తన మొర నొక గబ్బిలముతో కాశీ విశ్వనాథునకు పంపెను. మొర వినవలసినవాడు శివుడే. శివభక్తులు చెవులు మూసికొనదగునా? ఆ కావ్యము చదివిన బిడ్డలలో గాయపడినవాడు తాను ఒంటరి కానని తెలిసికొనును. గాయపరచు కులమున పుట్టినవాడు తల వంచి ఆలోచించును. ఇరువురకును అది ఔషధమే.

అయితే ఔషధమును ఇచ్చు విధము తెలియవలెను. అట్టి పాఠము చెప్పునపుడు తరగతిలోని చూపులన్నియు ఒక బిడ్డపై పడునట్లు చేయరాదు. దయ చూపుచున్నామను గర్వము గురువునకు తగదు. అవ్వ చెప్పిన కథను, తండా పాటను, రంజాను ముచ్చటను బిడ్డలచే చెప్పించి, వ్రాయించి, తరగతి అరలో కావ్యముల సరసన ఉంచవలెను. ఉమ్మడి రాష్ట్రమున 2004లో గోండి, కోయ, సవర, బంజారా మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో చదువు చెప్పు ప్రయత్నము ఆరంభమైనది. ఇంటి మాటకు బడిలో పీట వేసినచో తెలుగునకు లోటు రాదు. ఆ పీటపై కూర్చున్న బిడ్డయే రేపు తెలుగును ప్రేమించును.

ఇక మన మాట. హరళయ్య కుమారునకు మధువయ్య కుమార్తె నిచ్చి వివాహము చేసినందులకు వారు ప్రాణములు బలియిచ్చిరని శరణ చరిత్ర చెప్పుచున్నది. ఆ చరిత్రకు వారసులమైన మనము, సంబంధము వచ్చినపుడు ఉపకులము నడుగుచున్నామా, లేదా? ఇంట అడుగు నోటితో బడిలో సమత్వము పలికిన బిడ్డలు నమ్మరు. వారు చెవితో కంటె కంటితో ఎక్కువ నేర్చుకొందురు.

బసవ జయంతి నాడు పానకము పంచుట పుణ్యమే. అది ఒక పూట దప్పి తీర్చును. అదే నాడు దగ్గరలోని బడికి నాలుగు మంచి పుస్తకములు దాసోహముగా సమర్పించినచో అది తరముల దప్పి తీర్చును.

బసవన్న ఇష్టలింగమును గుడి గడపలు దాటించి, కులము నడుగక, ప్రతివారి కరస్థలమున నిలిపెను. పుస్తకమును గూడ ఆ విధముగనే ప్రతి బిడ్డ అరచేతిలో నిలుపుట నేటి గురువుల కాయకము. ఆ పుస్తకమును విప్పిన హమాలీ కూతురు, 'ఇందు మా నాయన ఉన్నాడు' అని చిరునవ్వు నవ్విన నాడు, ఆ తరగతిగదియే అనుభవ మంటపము.