బాపు పంపిన కార్టన్

దుబాయి నుంచి ఊరికి పోయే మనిషి కార్టన్ కడుతుంటే చూడాలి. అడుగున దుప్పటి, దాని మీద పాలపొడి డబ్బాలు, నారింజ రసం పొడి, చాక్లెట్ సంచులు, పిస్తా ప్యాకెట్లు, సందుల్లో టైగర్ బామ్ సీసాలు, సెంటు బుడ్లు. పైన టేపు, టేపు మీద నైలాన్ తాడు, తాడు పక్కన మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో పేరు, మల్లాపూర్, జగిత్యాల జిల్లా. ఎయిర్‌పోర్టులో తూకం ఎక్కువైతే విప్పి బయటికి తీసేది దుప్పటినే. చాక్లెట్లను ఎవరూ తీయరు.

ఈసారి సంచికకు పరదేశంలో మన విలువల గురించి రాయమన్నారు. భాష గురించి, పండుగల గురించి రాసేవాళ్లు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను షార్జాలో బడి టీచర్‌ని. నాకు రోజూ కనబడేవి పిల్లల టిఫిన్ డబ్బాలు, రెండంతస్తులు ఎక్కితే వాళ్లకొచ్చే ఆయాసం. అందుకని పిల్లల బరువు గురించి రాస్తున్నాను. దానికీ విలువలకూ ఏం సంబంధమని అడిగేవాళ్లు ఆ కార్టన్‌ను ఒకసారి తలుచుకోండి. రెండేళ్లకోసారి సెలవు దొరికే మనిషి, ఎత్తుకుందామంటే బిడ్డ దగ్గర లేని మనిషి, తన ప్రేమనంతా తినే వస్తువుగా మార్చి పంపుతాడు. అతన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కాని ఆ ప్రేమ పిల్లల ఒంట్లో ఏమవుతుందో చూస్తున్నాను గనుక ఊరుకోలేను.

మా దిక్కు బొద్దు పిల్లలంటే మోజు ఊరికే రాలేదు. మల్లాపూర్, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఊళ్లలో అమ్మమ్మల తరం పొద్దంతా బీడీలు చుట్టి, మక్క గట్క పోసి పిల్లలను పెంచింది. సిరిసిల్లలో మరమగ్గం ఆగితే పొయ్యి కూడా ఆగిన ఇళ్లున్నాయి, అప్పులకు తాళలేక నేతన్నలు ప్రాణాలు తీసుకున్న ఏళ్లున్నాయి. అట్లాంటి చోట బక్క పిల్లను చూస్తే భయమేస్తుంది, బుగ్గలున్న పిల్లను చూస్తే ధైర్యమొస్తుంది. "వాళ్ల బాపు దుబాయి పోయినంక ఇల్లు తేరుకున్నది, పిల్లగాడు ఎట్ల నిగనిగలాడుతున్నడో చూడు" అంటారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. అదే సర్వేలో దేశం మొత్తం మీద అధిక బరువున్న చిన్నపిల్లలు 2.1 నుంచి 3.4 శాతానికి పెరిగారు. రెండు కష్టాలూ ఒకే వాడకట్టులో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటున్నాయి. ప్రపంచం లెక్క కూడా తిరగబడింది. 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ఊబకాయం ఉన్నవాళ్లు 9.4 శాతం, తక్కువ బరువున్నవాళ్లు 9.2 శాతం అని 2025 సెప్టెంబరులో యూనిసెఫ్ చెప్పింది. ఊబకాయం ముందుకు రావడం అదే మొదటిసారి. మన అంగన్‌వాడీల్లో పిల్లలను తూచేది మాత్రం ఎక్కువగా బరువు తగ్గారా అని చూడ్డానికే. ముల్లు ఎక్కువ వైపు పోతే ఎవరికీ పెద్దగా గాబరా లేదు.

చెరుకు ఊసెత్తకుండా మా మండలం వాళ్లు చక్కెర గురించి మాట్లాడలేరు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మా మండలంలోనే ఉంది. చెరుకు బండ్లు, ఆ తర్వాత ట్రాక్టర్లు వరుస కట్టి పోతుంటే వెనక ఉరికి ఒక గడ గుంజుకోవడం అక్కడి పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. గుంజిన గడను పళ్లతో చీల్చాలి, తొక్క తీయాలి, నమలాలి, పిప్పి ఉమ్మాలి. పెదవులు కోసుకునేవి, దవడలు నొచ్చేవి. సగం గడ అయ్యేసరికే ఇక వద్దనిపించేది. అదీ తీపే, కాని ఉరికినందుకు, నమిలినందుకు దొరికిన తీపి. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మా మండలంలో చక్కెర చేయడం ఆగింది, చక్కెర తాగడం పెరిగింది. ఏ కిరాణంలో అడిగినా చల్లటి సీసా దొరుకుతుంది. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర, అంటే తొమ్మిది చెంచాలు. రెండు నిమిషాల్లో లోపలికి పోతుంది, కడుపు నిండినట్టే ఉండదు, వెంటనే అన్నానికి కూర్చోవచ్చు. పైనుంచి కలిపిన చక్కెర రోజు మొత్తం తిండి శక్తిలో పదో వంతు దాటొద్దని, ఇరవయ్యో వంతులో ఆగితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రోజుకు 1500 కేలరీలు తినే పిల్లకు పదో వంతంటే 37 గ్రాములు. ఒక్క డబ్బాతో ఆ రోజు కోటా ఇంచుమించు అయిపోయినట్టే.

చక్కెర ఎప్పుడూ చక్కెర పేరుతో రాదు, చిక్కంతా అక్కడుంది. పిల్లకు విరేచనాలైతే నానమ్మ మెడికల్ షాపుకు పోయి ఓఆర్ఎస్ అని రాసి ఉన్న రంగు డబ్బా తెచ్చేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. ఆ రంగు డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో, పాలల్లో కలిపే పొడులను ఆన్‌లైన్ దుకాణాల్లో 'హెల్త్ డ్రింక్' వరుసలో పెట్టొద్దని కేంద్ర వాణిజ్య శాఖ చెప్పాల్సి వచ్చింది. మన కార్టన్లలోని నారింజ పొడి డబ్బా తిప్పి వెనక అక్షరాలు చదవండి. మొదటి పేరు నారింజ కాదు.

ఇక్కడ పెరిగే పిల్లలకు కార్టన్ అక్కర్లేదు, సూపర్ మార్కెట్ బిల్డింగు కిందే ఉంటుంది. ఎండాకాలం బయట కాలు పెట్టలేం. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు కూలీలు ఎండలో పని చేయకూడదని ఈ దేశంలో చట్టమే ఉంది. పిల్లలు ఫ్లాటు నుంచి లిఫ్టులోకి, లిఫ్టు నుంచి బడి బస్సులోకి, బస్సు నుంచి ఏసీ గదిలోకి పోతారు. సాయంత్రం ట్యూషన్, సెలవు రోజు మాల్. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు గంటసేపు చెమట పట్టేలా ఆడాలంటారు. మా క్లాసులో చాలామందికి ఆ గంట బడిలో ఆటల పీరియడ్ ఉన్న రోజే దొరుకుతుంది, అది కూడా పరీక్షలు లేకపోతే. ఇక్కడి ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2017 అక్టోబరులో కూల్‌డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం సుంకం వేసింది. 2019 చివర్లో చక్కెర కలిపిన మిగతా పానీయాలకూ దాన్ని విస్తరించింది. అయినా పుట్టినరోజు పార్టీలో బల్ల మీద డబ్బాల వరుస తగ్గలేదు. పిల్లల కోసం రూపాయి ఎక్కువ పెట్టడానికి మనం వెనకాడం కదా!

ఊళ్లో ఉన్న పిల్లల నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు. బాపు డ్యూటీ నుంచి క్యాంపుకు వచ్చి, స్నానం చేసి, వంతు ప్రకారం వండుకుని తినేసరికి రాత్రి పది. అప్పుడు బోటిమ్ యాప్‌లో వీడియో కాల్. ఇక్కడ పదంటే మల్లాపూర్‌లో పదకొండున్నర. అప్పటిదాకా పిల్లవాడు పడుకోడు, ఫోను చూస్తూ ఏదో నములుతూ కూర్చుంటాడు. కాల్ అయ్యాక నిద్ర పట్టేది పన్నెండు దాటాక, ఏడింటికి బడి వ్యాను. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, మరునాడు ఆటకు ఓపిక ఉండదు, చేయి తీపి కోసమే పోతుంది. ఈ గొలుసులో ఎవరి తప్పని చెప్తాం? కాల్‌ను పొద్దున డ్యూటీ బస్సెక్కే వేళకు మార్చుకున్న ఇళ్లు నాకు తెలుసు. పిల్లవాడు బడికి తయారవుతూ మాట్లాడతాడు. మొహాలు చూసుకోవడం ఆగలేదు, పిల్లవాడు మాత్రం పది కొట్టేసరికి పడుకుంటున్నాడు.

మన ఒళ్లకు ఇంకో మెలిక ఉంది. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ పుట్టిన బిడ్డలను కొలిచి, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చారు. మన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5 కిలోలు. బరువు తక్కువే, కండ తక్కువే, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. కడుపులో ఉన్నప్పుడు కరువు చూసిన ఒళ్లు, పుట్టాక దొరికినదాన్ని దాచుకుంటుంది. అందుకే తెల్లవాళ్లకు పెట్టిన బరువు గీతలు మనకు సరిపోవు. భారత పిల్లల డాక్టర్ల సంఘం 2015లో మన పిల్లలకు విడిగా పట్టికలు తయారు చేసి, హద్దులను కిందికి దించింది.

ఈ లోపలి కొవ్వు గుర్తులు బయటికే కనబడతాయి, మనం వాటిని వేరే ఏదో అనుకుంటాం. మెడ వెనక నల్లటి చార పడుతుంది, ముట్టుకుంటే మందంగా మఖ్‌మల్ బట్టలా తగులుతుంది. ఆదివారం తలంటినప్పుడు అమ్మ దాన్ని మట్టి అనుకుని శనగపిండి, నిమ్మచెక్క పెట్టి పిల్ల ఏడ్చేదాకా రుద్దుతుంది. అది పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయక, ఎక్కువ ఊరుతున్నప్పుడు అలా నలుపు వస్తుంది. రాత్రి గురక పెడితే "బాగా అలిసిపోయిండు" అంటాం. ఆడపిల్ల తొందరగా పెద్దమనిషైతే రోజులే అట్లున్నాయంటాం. లివర్‌లో కొవ్వు అసలే కనబడదు. పదేళ్లు దాటి ఊబకాయం ఉన్న పిల్లలకు షుగర్, కొలెస్టరాల్, లివర్ పరీక్షలు చేయించాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2023లో చెప్పింది. మన దగ్గర మాత్రం ముందు థైరాయిడ్ అంటారు. అది చాలా కొద్దిమందిలోనే కారణం. అలాంటి పిల్లల్లో ఎత్తు కూడా ఆగిపోతుంది. ఎత్తు బాగా పెరుగుతూ లావవుతుంటే చూడాల్సింది తిండి, ఆట, నిద్ర.

కొలవడానికి మిషన్ కూడా అక్కర్లేదు. మొలతాడుకు తెచ్చిన దారం చాలు. పిల్లవాణ్ణి గోడకు నిలబెట్టి ఎత్తుకు సరిగ్గా దారం తెంపి, దాన్ని సగానికి మడిచి నడుం చుట్టూ తిప్పండి. రెండు కొసలూ కలిస్తే సరే. కలవకపోతే పొట్టలో కొవ్వు చేరుతోంది, డాక్టర్ దగ్గరికి పోవాలి. నడుం ఎత్తులో సగానికి లోపే ఉండాలన్న ఈ లెక్కను బ్రిటన్‌లోని నైస్ అనే ఆరోగ్య సంస్థ 2022లో ఐదేళ్లు దాటిన పిల్లలకూ సిఫారసు చేసింది.

ఇక్కడ మనవాళ్లు వెంటనే ఒక మాటంటారు: మన పాత తిండి తింటే ఇవేవీ రావని. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. పాత రోజుల్లో పిల్లలు సన్నగా ఉన్నది జొన్నరొట్టె మహిమ వల్ల మాత్రమే కాదు, రొట్టెలు చాలక కూడా. ఇప్పుడు మనం 'మన తిండి' అంటున్నది గుట్టగా తెల్లన్నం, చెంచాడు పప్పు, నూనెలో తేలే బగారన్నం, నెలంతా డబ్బాలో ఉండే సకినాలు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలన్నది వాళ్ల మాట. ఆ లెక్కన మన పెళ్లి విస్తరి గాని, ఇక్కడి బర్గర్ గాని ఒకదాన్ని చూసి ఒకటి నవ్వాల్సిన పని లేదు. పాతదాంట్లోంచి నేను తీసుకునేవి కొన్నే: మజ్జిగ, కాల్చిన మక్క కంకి, పల్లీలు, పెసరగుడాలు, అందరూ ఒకచోట కూర్చుని టీవీ లేకుండా తినడం. తినిపించడం కూడా తగ్గించాలి. ఎనిమిదేళ్ల పిల్లవాడి నోట్లో ముద్దలు పెడుతూ ఫోను చూపిస్తే వాడికి కడుపు ఎప్పుడు నిండిందో వాడికే తెలియదు.

బొద్దుగా ఉన్న పిల్లలను అందరి ముందు ఆటపట్టించడం మన సభల్లో మామూలైపోయింది. నాలుగేళ్లప్పుడు బుగ్గ గిల్లి ముద్దు పెట్టినవాళ్లే పదకొండేళ్లప్పుడు "ఏందిరా, గుమ్మడికాయ" అంటారు. ఆ పిల్ల అందరి ముందు తినడం మానేసి చాటుగా తింటుంది, ఆటలకు రాదు, బరువు ఇంకా పెరుగుతుంది. చాలామంది చిన్నపిల్లలు బరువు తగ్గనే అక్కర్లేదు. ఎత్తు పెరిగే వయసు గనుక ఏడాది పాటు బరువు పెరక్కుండా ఆగితే ఒళ్లు దానంతట అదే సర్దుకుంటుంది. ఇంట్లో ఒక్క పిల్లకే పథ్యం పెట్టడం కూడా అన్యాయం. సీసా ఫ్రిజ్‌లో ఉండి నువ్వు తాగొద్దంటే ఏ పిల్ల వింటుంది? సీసా ఇంటికి రాకపోతే గొడవే లేదు. బాపు కూడా కార్టన్‌లో చాక్లెట్ సంచికి బదులు రెండు బ్యాడ్మింటన్ రాకెట్లు పెట్టొచ్చు. తూకమూ తక్కువే.

ఇక మన సంఘం సంగతి. ఉగాదికి హాలు అద్దెకు తీసుకుని వేదిక మీద నాలుగు గంటల కార్యక్రమం పెడతాం. పిల్లలు కుర్చీల్లో ట్యాబులు పట్టుకుని కూర్చుంటారు. వెనక 'కిడ్స్ కౌంటర్' అని ఫ్రెంచ్ ఫ్రైస్, నగ్గెట్స్, ఎన్నైనా తీసుకోగల కూల్‌డ్రింకు డబ్బాలు. పద్యం పాడిన పిల్లకు బహుమతి చాక్లెట్ డబ్బా. ఈ డిసెంబరులో జాతీయ దినోత్సవం సెలవులకు పార్కులో కలుస్తున్నాం, అప్పటికి చలి మొదలై బయట హాయిగా ఉంటుంది. కమిటీకి నేను ఇచ్చిన కాగితంలో మూడు అడిగాను: డబ్బాల బదులు మజ్జిగ, నీళ్లు, భోజనానికి ముందు పిల్లలకూ పెద్దలకూ కలిపి కబడ్డీ, తొక్కుడుబిళ్ల, బహుమతులుగా తాడాట తాళ్లు, బంతులు. కోశాధికారి అన్న మూడోదానికి వెంటనే ఒప్పుకున్నారు. కబడ్డీకి పేర్లు కూడా వస్తున్నాయి. మజ్జిగ దగ్గరే బేరం తెగలేదు. "పిల్లలకు కూల్‌డ్రింక్ లేకుంటే జనం ఏమనుకుంటరు అక్కా" అంటున్నారు. డబ్బాల ఖర్చులో సగంతో అయిపోతుందని అంచనా రాసి మళ్లీ ఇచ్చాను. చిలకడానికి మా బిల్డింగు ఆడవాళ్లం ఐదుగురం సిద్ధంగా ఉన్నాం.