చాలు అనే మాటకి ఒక కొలత

మన ఆడవాళ్ల నోట రోజుకి ఎన్నిసార్లు వస్తుందో ఎవరూ లెక్కపెట్టని మాట ఒకటుంది. "నాకిది చాలు." అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన కూర గరిటెతో గీకి కంచంలో వేసుకుంటూ అంటాం. పండక్కి అందరి బట్టలూ అయ్యాక మిగిలిన డబ్బులో వచ్చే చీర చేత పట్టుకుని అంటాం. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదికీ మన మీద ఎంతో గౌరవం కలుగుతుంది. "మా అమ్మకి ఏ ఆశా లేదండీ" అని నలుగురిలో గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వం వెనక వాళ్ల సౌకర్యం ఎంత ఉందో మటుకు ఆలోచించరు.

అదే మనిషి పిల్లవాడి కోచింగు దగ్గరా, పిల్ల పెళ్లి నగల దగ్గరా, "ఇంతకంటే మంచిది లేదా?" అంటుంది. తనవాళ్లకి ఎంతైనా చాలదు, తనకి ఏదైనా చాలు! చిత్రమేమిటంటే ఈ రెండింటికీ కొలత లేదు. అసలు "చాలు" అనేది సుగుణమా, లెక్కా? సుగుణమే అయితే ఎంత తొందరగా అంటే అంత గొప్ప. లెక్కే అయితే అటు తగ్గినా తప్పే, ఇటు మించినా తప్పే.

ఈ ప్రశ్న నాకు ఏ వేదాంత గ్రంథంలోనో ఎదురుకాలేదు. పాటలు వినే యంత్రం కొనుక్కునే దగ్గర ఎదురైంది.

మాది కొత్తకోట. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే జాతీయ రహదారి మీది ఊరు. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. మా వీధి లోపలికి ఉంది కనక లారీల హోరు అంతగా రాదు, మగ్గం చప్పుడు వస్తుంది. ఒక నవల పారితోషికం చేతికొచ్చినప్పుడు, నలభై దాటాక మొదటిసారి, ఇంట్లో ఇంకెవరికీ పనికిరాని వస్తువొకటి నా కోసం కొనుక్కున్నాను. మంచి హెడ్‌ఫోన్. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ పేరుతో 1997లో వచ్చిన హెచ్.డి. 600. బాలమురళీకృష్ణగారి గొంతు వెనక తంబురా ఎక్కడుందో, మృదంగం ఎంత దూరంలో ఉందో తెలియాలని నా కోరిక.

హైదరాబాదులో ఇంజనీరుగా ఉన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నమ్మా, దానికి మంచి ఆంప్లిఫయర్ కావాలె. లేకుంటె ఏనుగును కొని అంకుశం కాడ వెనకాడినట్టే" అన్నాడు. ఒక జాబితా కూడా పంపాడు. నాలుగు వేల రూపాయల దగ్గర మొదలై నాలుగు లక్షల దాకా పోయింది. ఏనుగు కంటే అంకుశం ఖరీదు! ఏ మెట్టు మీద నిలబడ్డా పై మెట్టు వాడు "ఇంకొంచెం వేసుకుంటే అసలు సంగీతం వినపడుతుంది" అంటాడు. ఇటు మా అత్తగారు, "ఒక్కదానివి వినేటందుకు గంత పైసలా బిడ్డా?" అన్నారు. ఒకరేమో ఎంతైనా చాలదంటారు, ఇంకొకరేమో అసలు అక్కరలేదంటారు. మధ్యలో నేను.

ముందు అత్తగారి ప్రశ్న చూద్దాం. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. రేడియో ఒక్కటే ఉన్న రోజుల్లో పాట ఇంటిదంతా. నిజమే. కాని ఆ రేడియో మర ఎవరి చేతిలో ఉండేదో గుర్తు చేసుకోండి. ఈనాటి టీవీ రిమోటు ఎవరి చేతిలో ఉందో చూడండి. అందరూ కలిసి వినడమంటే చాలా ఇళ్లలో ఒకరు ఎంచుకున్నది మిగతావాళ్లు వినడమే. పైగా ఇల్లాలి చెవులకి సెలవు లేదు. కుక్కరు ఎన్ని కూతలు కూసింది, పాలవాడు పిలిచాడా, పెద్దాయన దగ్గు మారిందా, పిల్లవాడి గదిలో చప్పుడెందుకు లేదు — ఇవన్నీ వినడం మన ఉద్యోగం.

హెడ్‌ఫోన్ చరిత్ర కూడా అలాంటిదే సుమండీ. టెలిఫోను ఆపరేటరుగా చేరిన మొదటి మహిళ ఎమ్మా నట్. 1878లో బోస్టన్‌లో. తరవాత ఆ ఉద్యోగం క్రమంగా ఆడవాళ్లదే అయిపోయింది. చెవికి రిసీవరు తగిలించుకుని పూటంతా పరాయివాళ్ల మాట పరాయివాళ్లకి అందించడమే పని. 1910 ప్రాంతంలో నేథనియల్ బాల్డ్‌విన్ అనే ఆయన అమెరికాలోని యూటాలో తన వంటింటి బల్ల మీద రెండు చెవుల హెడ్‌ఫోన్లు తయారుచేసి నౌకాదళానికి అమ్మాడు. పుట్టింది వంటింట్లోనే అయినా పోయింది యుద్ధనౌకలకి! ఆ తరవాత 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్లు తెచ్చాడు. అప్పట్నుంచి అవి తీరిగ్గా పాట వినే సాధనంగా ఇళ్లలోకి వచ్చాయి. ఇంతకాలం ఇతరుల కోసం పనిచేసిన చెవి, ఒక గంట తన కోసం పనిచేస్తే అది స్వార్థమేనా? పుస్తకం కూడా ఒక్కళ్లమే చదువుకుంటాం. దాన్ని స్వార్థమని అనం గదా! ఆ గంటలో కుక్కరు కట్టెయ్యడానికి ఇంట్లో ఇంకో రెండు చేతులుంటే చాలు.

కనక వినడం న్యాయమే అనుకుందాం. ఎంతలో వినాలి అన్నదే మిగిలింది. ఇక్కడ నాకు దొరికిన సంతోషమేమిటంటే, ఈ "ఎంత"కి జవాబుంది. బి.ఏ. చదివిన నాలాంటి దానికి కూడా అందే జవాబు.

మా ఉమ్మడి జిల్లా వాద్యం కిన్నెర. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్యగారు వాయించే పన్నెండు మెట్ల కిన్నెర మీరు చూసే ఉంటారు. వెదురు కర్రకి ఎండిన బుర్రలు కట్టి ఉంటాయి. తీగ ఒక్కటే మోగితే పక్కవాడికి వినపడదు. బుర్ర ఆ కదలికని అందుకుని గాలికి అందిస్తుంది. ఆంప్లిఫయర్ పనీ అందించడమే. తేడా ఏమిటంటే, బుర్ర కొత్త బలం కలపదు, ఇది కరెంటు నుంచి తెచ్చి కలుపుతుంది. తీగకి తగిన బుర్ర కావాలి. హెడ్‌ఫోన్‌కి తగిన ఆంప్లిఫయర్ కావాలి. "తగిన" అన్నదే ముఖ్యం.

ఆ తగడాన్ని అంకెల్లో చూడొచ్చు. నా హెడ్‌ఫోన్ విద్యుత్తుకి చేసే నిరోధం 300 ఓమ్‌లు. మామూలుగా ఫోనుతో వచ్చేవి 16, 32 ఓమ్‌లవి. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ 1 మిల్లీవాటుకి 97 డెసిబెల్ ధ్వని ఇస్తుందనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్ స్థాయిలో వారానికి 40 గంటలు వినవచ్చు. 90కి పోతే 4 గంటలే. సరే, 80 దగ్గర వింటున్నాం. పాటలో హఠాత్తుగా లేచే మృదంగం దెబ్బకని ఇంకో 20 వేసుకుంటే 100. ఎందుకైనా మంచిదని, ఇంటికి బంధువులొస్తే గుప్పెడు బియ్యం ఎక్కువ పోసినట్టు, మరో 10 వేసుకుంటే 110. దీనికి కావలసింది ఎంతో తెలుసా? 20 మిల్లీవాట్లు. వోల్టుల్లో చెబితే రెండున్నరకి లోపు.

ఫోనుకి తగిలించే చిన్న ఎడాప్టరు 1 వోల్టు ఇస్తే 102 డెసిబెల్ దాకా వస్తుంది. గట్టిగా రికార్డు చేసిన సినిమా పాటకి ఇది సరిపోతుంది. తక్కువ స్థాయిలో రికార్డయిన పాత కచేరీకి చాలదు. మర చివరిదాకా తిప్పినా, పాట పక్కింట్లోంచి వస్తున్నట్టే ఉంటుంది. అలాంటప్పుడు "నాకిది చాలు" అనుకోవడం త్యాగం కాదు. కొన్న వస్తువుని సగం వాడుకోవడం. ఇటు ఒక పూర్తి వాటు ఇచ్చే ఆంప్లిఫయర్ కొన్నాననుకోండి. అదే లెక్కన 127 డెసిబెల్ పోగలదు. అది చెవికి నొప్పి పుట్టే చోటు. ఆ బలమంతా జీవితాంతం పెట్టెలోనే పడి ఉంటుంది. అటకెక్కించిన ఇత్తడి గంగాళంలాగ, ఉందని చెప్పుకోవడానికే.

ఇంకొక్క అంకె చూస్తే పని అయిపోతుంది. ఆంప్లిఫయర్ లోపలి నిరోధం హెడ్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదో వంతు దాటకూడదని వాడుక సూత్రం. మించితే కొన్ని స్వరాలు ఉన్నదానికంటే ఉబ్బి వినపడవచ్చు. 32 ఓమ్‌ల దానికి 4 లోపు, 300 ఓమ్‌ల దానికి 37 లోపు ఉండాలి. తగినంత బలం, తక్కువ లోపలి నిరోధం, చెవికి అందని రొద, వక్రత — ఇవున్న ఆంప్లిఫయర్ తన పని తాను చేసినట్టే.

"మరి లక్షలు పోసి కొన్నవాళ్లు తేడా వినపడుతోందంటున్నారే!" అంటారా? వాళ్లు అబద్ధాలాడుతున్నారని నేననను. చీరల కొట్లో ధర చీటీ చూశాక అంచు మెరుపు పెరగడం మనకి తెలియనిదా! చెవి కూడా అంతే. పైగా రెండు యంత్రాల్లో ఒకటి రవంత గట్టిగా మోగినా, అది గట్టిగా ఉందని మనసుకి తోచదు, బాగుందని తోస్తుంది. 1987లో అమెరికాలో స్టీరియో రివ్యూ అనే పత్రిక, స్పీకర్లకి వాడే ఆంప్లిఫయర్లు చవకవీ ఖరీదైనవీ తెప్పించి, ధ్వని సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా శ్రోతలకి వినిపించింది. తేడా ఉంటుందని గట్టిగా నమ్మినవాళ్లూ ఆ శ్రోతల్లో ఉన్నారు. తీరా చూస్తే జవాబులు బొమ్మా బొరుసూ వేసి చెప్పినవాటి కంటే మెరుగ్గా లేవు.

ఈ రంగంలో రెండు చివరలు చెబుతాను, వినండి. 2015లో అదే సెన్‌హైజర్ పేరుతో హెచ్.ఇ. 1 అని ఒకటి ప్రకటించారు. హెడ్‌ఫోనూ ఆంప్లిఫయరూ కలిపి సుమారు 50,000 యూరోలు. ఆంప్లిఫయర్‌కి ఇటలీ నుంచి కారారా పాలరాయి తొడుగు. ఇంకో చివర, 2011లో అసలు పేరు చెప్పని ఇంజనీరొకాయన ఓ2 అనే ఆంప్లిఫయర్ నమూనా తయారుచేసి, కొలతలతో సహా లోకానికి ఊరికే ఇచ్చేశాడు. మంచి ఆంప్లిఫయర్‌కి పెద్ద ధర అక్కరలేదని చూపించడమే ఆయన పట్టుదల. 2012 తరవాత ఆయన మాట వినపడలేదు. ఎవరో, ఏమయ్యారో లోకానికి తెలియలేదు. ఆయన నమూనాతో మటుకు ఎందరో తయారుచేసుకుని పాటలు విన్నారు. పాలరాయి ఒకరికి గొప్పనిస్తే, పేరులేని మనిషి నలుగురికి పాటనిచ్చాడు.

ఒక మధ్యాహ్నం మా ఎదురింటి నేత పని చేసే ఆవిడ వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని చూసింది. కళ్లు మూసుకుని చాలాసేపు వింది. "నెత్తి లోపల్నే కూసొని పాడుతున్నట్టున్నది అక్కా" అంది. తరవాత ధర అడిగింది. చెప్పాను. ఏమీ అనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, "మాకు నెలల లెక్క అది" అని మాత్రం అంది. ఆ మాటలో అసూయ లేదు, నిష్ఠూరమూ లేదు. కాని వలస పోయే కూలీలని తరతరాలుగా చూసిన పాలమూరు నేల మీద కూర్చుని, నా సుఖానికి ఎవరితోనూ సంబంధం లేదనడం నాకు చేతకాదు. అలాగని హెడ్‌ఫోన్ తిరిగి ఇచ్చేస్తే ఆవిడ మగ్గానికి ఒక్క పోగు అదనంగా రాదు. నాకు తోచిన న్యాయం ఒక్కటే. నా అవసరం ఎంతవరకో నిజాయితీగా కొలుచుకోవాలి. అంతవరకు సిగ్గుపడకుండా తీసుకోవాలి. దాని పైన ఒక్క రూపాయి పెట్టాలన్నా, అది పాటకా, పాలరాయికా అని అడగాలి. ఆవిడ ఎదురుగా చెప్పుకోగలిగిన లెక్కయితే అది న్యాయమైన లెక్క.

నేను ఎంచుకున్న ఆంప్లిఫయర్ సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది. ధర హెడ్‌ఫోన్‌లో నాలుగో వంతు. బలం నాకు కావలసినదానికి మించే ఉంది గాని, వెర్రిగా లేదు. "ఇంకొంచెం వేసుకుంటే..." అని మా అక్క కొడుకు మళ్లీ అన్నాడు. "నాకిది చాలు నాయనా" అన్నాను. ఏళ్ల తరబడి అంటున్న మాటే. కాని ఈసారి దాని వెనక గిన్నె అడుగు లేదు, ఒక లెక్క ఉంది.

కోరికని చంపుకోవడం తృప్తి కాదనీ, దాని కొలత తెలుసుకోవడమే తృప్తి అనీ నాకు అనిపిస్తుంది. బజారుకి ఆ కొలత చెప్పే ఉద్దేశం లేదు. ఇంటికి దాన్ని అడిగే అలవాటు లేదు. కనక మన అంకె మనమే వేసుకోవాలి. రేపు మీరు ఏ వస్తువు దగ్గరైనా "నాకిది చాలు" అనబోయే ముందు ఒక్క క్షణం ఆగి, కొలిచి అంటున్నారా, అలవాటుగా అంటున్నారా చూసుకోండి. కొలిచి చూస్తే మీకు ఇంకాస్త రావలసి ఉందని తేలవచ్చు. తేలితే అడగండి.