ఖాళీ ప్యాకెట్టు ఎవరిది?

సంత జరిగిన మర్నాడు మా బడి ముందు చెత్త ఎక్కువగా ఉంటుంది. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు గాలికి కొట్టుకొచ్చి కంచెకు చిక్కుకుంటాయి. "తిన్నవాళ్లే ఏరాలి" అని ఓసారి పిల్లలతో అన్నాను. ఐదో తరగతి పాప ఒకతె లేచి అడిగింది: "మాస్టారూ, నేను చిప్స్ కోసం డబ్బులిచ్చాను. ప్యాకెట్టు కావాలని అడగలేదు. మరి అది నాదెలా అవుతుంది?"

అల్లరికి అన్న మాట కాదది. ఆ పూట నేను జవాబు చెప్పలేకపోయాను.

మన పెద్దలకు ఈ ప్రశ్న రాలేదు. అడ్డాకు కోసుకొచ్చి, ఎండబెట్టి, సన్నని వెదురు పుల్లలతో కుట్టి విస్తరి చేసేవారు. తిన్నాక పెంటకుప్ప మీద వేస్తే కొంత పశువులు తినేవి, మిగిలింది ఎరువయ్యేది. మనకు పారేయడమంటే నేలకు తిరిగి ఇవ్వడమే. వస్తువు మారింది, చెయ్యి మాత్రం పాత అలవాటే చేస్తోంది. మనకు శుభ్రత తెలియదనేవారు ఈ సంగతి గమనించరు.

మర్నాడు ఒక ప్యాకెట్టును చింపి పిల్లలకు చూపించాను. పైన బొమ్మలు అచ్చేసిన ప్లాస్టిక్ పొర, లోపల వెండిలా మెరిసే అల్యూమినియం పూత, దాని కింద మరో ప్లాస్టిక్ పొర. గాలి, తేమ తగలక సరుకు నెలల తరబడి కరకరలాడాలని ఇలా అతికిస్తారు. అతికించినవాటిని విడదీయడం కష్టం. అందుకే నీళ్ల సీసాలు కొనే పాత సామాన్లవాడు వీటిని ముట్టుకోడు. చెత్తబండి రాని ఊళ్లో మిగిలేది అగ్గిపుల్లే. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

ఇలాంటి పొరల ప్యాకింగును తిరిగి సేకరించే బాధ్యత దాన్ని మార్కెట్లోకి తెచ్చిన తయారీదారులదేనని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధించారు. చిప్స్ ప్యాకెట్టు, షాంపూ పొట్లం ఆ జాబితాలో లేవు. ఖాళీ ప్యాకెట్ల కోసం మా కొండ ఎక్కి వచ్చినవారిని నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు కంపోస్టు అయ్యే సంచులంటూ వస్తున్నాయి. మొక్కజొన్న, చెరకు వంటివాటి నుంచి తీసే పి.ఎల్.ఎ. అలాంటిదే. మంచి ప్రయత్నమే. కానీ అది త్వరగా కుళ్లాలంటే దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కేంద్రం కావాలి, మన పెంటకుప్ప చాలదు. ఆకు విస్తళ్లలోనూ మిషను మీద అచ్చొత్తేటప్పుడు పలుచని ప్లాస్టిక్ కాగితం అతికించేవి ఉన్నాయి. చూడ్డానికి ఆకే. మేకా తినలేదు, మట్టీ తినలేదు. కాబట్టి కొత్త వస్తువు ఏదొచ్చినా పేరు చూసి మురిసిపోవద్దు. దాని చివరి చోటు ఎక్కడ, అక్కడికి ఎవరు చేరుస్తారు అని అడగండి.

పట్నం మళ్లీ ఆకు విస్తరి అడుగుతోంది. సంతోషమే. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై మన యాజమాన్య హక్కును గుర్తించింది. కనుక పర్యావరణ హితమని చెప్పి అమ్మే ధరలో ఆకు కోసిన ఆడవాళ్ల వాటా ఎంతో అడగాలి. అలాగే గిరాకీ ఉంది కదా అని తీగను మొదలంటా నరికితే, రేపటి సంగతి పట్టని వ్యాపారికీ మనకూ తేడా ఉండదు.

వారం తర్వాత ఆ పాపకు ఇలా చెప్పాను: "ఎంచుకునే శక్తి ఎవరికి ఎంత ఉంటే బాధ్యత అంత. ప్యాకెట్టు దేనితో చేయాలో నిర్ణయించినవాళ్లది పెద్ద వాటా. అమ్మి లాభం తీసుకున్నవాళ్లది ఆ తర్వాతది. తిన్న నీకూ, ఏరమని మాత్రమే చెప్పిన నాకూ చిన్న వాటా ఉంది. మన వాటా మనం మోయకపోతే, పెద్ద వాటా సంగతి అడగడానికి మనకు నోరు రాదు."

బడి గోడకు ఒక గోనెసంచి కట్టాం. పిల్లలు ఏరి నింపారు. ఆ సంచిని పంచాయతీ ముందు పెట్టి, దీన్ని ఎవరు తీసుకెళ్తారని అడగడం మాత్రం పిల్లల పని కాదు. చదువుకున్న మన పని.