రోగికి చెప్పాలా, వద్దా?



ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలింది. రిపోర్టు మీ చేతిలో ఉంది. రోగి పక్కగదిలో పడుకొని ఉంది. కాగితంలో ఉన్న ఆ మాటను ఆమెకు చెబుతారా? దాచిపెడతారా?

మనలో చాలామందిమి దాచిపెడతాం. ప్రేమ లేక కాదు, ప్రేమతోనే దాచిపెడతాం. నేనూ అలాగే చేశాను. అది తప్పని నాకు ఒక ఆసుపత్రి వరండాలో తెలిసివచ్చింది. ఆ సంగతి చెబుతాను, మీరే తీర్పు చెప్పండి.

మా పెద్దక్కది దేవరకొండ వైపు ఒక పల్లె. పెనిమిటి పోయి చాలా ఏళ్ళయింది. పత్తి చేను చూసుకుంటూ, ఇద్దరు పిల్లలను పెంచి పెద్ద చేసింది. రొమ్ములో గడ్డ వచ్చింది. పరీక్షకు ముక్క తీసి పంపితే క్యాన్సర్ అని వచ్చింది. గడ్డ పెద్దది గనుక ముందు కీమో మందులు ఎక్కించి, అది చిన్నదయ్యాక ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టర్లు. ఆ రాత్రి మేం తమ్ముళ్ళం, అక్క కొడుకు కూర్చొని ఒక నిర్ణయానికి వచ్చాం: అక్కకు చెప్పొద్దు. "మామూలు గడ్డే, ఆపరేషన్‌కు ముందు బలానికి సెలైన్లు పెడతారు" అని చెప్పాం. అక్క సరేనన్నది. మాకు గుండెల మీద బరువు దిగినట్టయింది.

డాక్టరు అక్క చేతి నరాలను చూసి, ఇవి సన్నగా ఉన్నాయి, పోర్ట్ పెడదామన్నారు. కీమో పోర్ట్ అంటే ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. అది సుమారు రూపాయి బిళ్ళంత వెడల్పుండే చిన్న డబ్బీ. టైటానియం అనే లోహంతోనో, గట్టి ప్లాస్టిక్‌తోనో చేస్తారు. భుజపుటెముక కింద, ఛాతీ పైభాగంలో చర్మం లోపల దాన్ని అమరుస్తారు. దాని నుండి ఒక సన్నని గొట్టం పెద్ద రక్తనాళంలోకి వెళ్ళి గుండెకు దగ్గరగా ఆగుతుంది. డబ్బీ మీద ఒక మెత్తని మూత ఉంటుంది. మందు ఎక్కించాల్సినప్పుడల్లా ఒక ప్రత్యేకమైన సూదిని చర్మం మీదుగా ఆ మూతలో గుచ్చుతారు. కీమో మందుల్లో కొన్ని నరం దాటి బయటికి కారితే కండను కాల్చేస్తాయి. పెద్ద రక్తనాళంలోకి నేరుగా పోతే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది, నెలల తరబడి చేతులకు సూదిపోట్లూ తప్పుతాయి. అందరికీ పోర్ట్ అవసరం లేదు. కొందరికి చేతి నరంతోనే పని జరుగుతుంది. అమెరికాలో నీడర్‌హ్యూబర్ అనే సర్జన్, ఆయన సహచరులు 1982లో ఈ పద్ధతిని వైద్యలోకానికి వివరించారు. ఇప్పుడు మన హైదరాబాదు ఆసుపత్రుల్లో ఇది మామూలు పని. పెట్టేచోట మొద్దుబారేట్టు మత్తు ఇచ్చి, గంట లోపో, కాస్త అటూ ఇటుగానో ముగిస్తారు.

పోర్ట్ పెట్టే రోజు వచ్చింది. నర్సు ఒప్పుదల కాగితం తెచ్చింది. మా అక్క కొడుకు అప్పటికే రోగి సంతకం ఉండాల్సిన చోట తన సంతకం పెట్టేశాడు. నర్సు చూసి, "అట్ల కాదన్నా, అమ్మకు తెలివి ఉంది, మాట్లాడుతున్నది. ఆమే పెట్టాలె" అన్నది. అక్కకు సంతకం వచ్చు గాని చదువు అంతగా రాదు. "ఏమి రాసున్నదో చదువు బిడ్డా" అన్నది. నర్సు చదివింది. ఆ కాగితంలో క్యాన్సర్ అన్న మాట ఉంది.

అక్క ఏడ్వలేదు. మా ముఖాల వంక ఒక్కొక్కరినీ చూసింది. తర్వాత నాతో అన్నది: "తమ్మీ, నెల సంది మీరు నా ముందల నవ్వుతున్రు, ఎనక పోయి ఏడుస్తున్రు. నాకు ఎరుక లేదనుకున్నరా? నేను భయపడ్త అని దాచిన్రు. మరి నాకు భయమైతె నేను ఎవలకు చెప్పుకోవాలె?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. నాటి నుండి దాని గురించే ఆలోచిస్తున్నాను.

దాచేవారి పక్షాన ఉన్న న్యాయాన్ని ముందు చూద్దాం. "ఆ మాట వింటే అక్కడే కుప్పకూలిపోతుంది. తిండి మానేస్తుంది. చికిత్సకే రానంటుంది. తెలిసి చేసేదేముంది?" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. క్యాన్సర్ అంటే చావే అని మన పల్లెల్లో ఇప్పటికీ అనుకుంటారు. అయితే పాఠకులారా, ఒక్క విషయం గమనించండి. ఈ వాదనలో భయం ఎవరిది? రోగిది అని మనం అంటాం. కాని ఆమెను మనం అడగనే లేదు. ఆమె ఏడిస్తే చూడలేమన్న భయం మనదే. మన భయానికి ఆమె పేరు పెట్టాం.

రెండోది, చికిత్స అన్నది రోగికి ఎవరో చేసిపెట్టే పని మాత్రమే కాదు. అందులో సగం పని రోగే చేయాలి. కీమో ఎక్కించిన తర్వాత సుమారు ఏడో రోజు నుండి పద్నాలుగో రోజు వరకు రక్తంలోని తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది మామూలు జ్వరం కాదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. "మామూలు గడ్డే" అనుకున్న మనిషి ఏం చేస్తుంది? ఒక మాత్ర మింగి, దుప్పటి కప్పుకొని పడుకుంటుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. మా అక్క సంగతే చూడండి. గడ్డ కరగడానికని ఎవరో ఇచ్చిన నాటు మందు పొడిని మూడు వారాలు మింగింది. చిన్న జబ్బే కదా అని మాకు చెప్పలేదు. కొన్ని నాటు మందులు కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కీమో మందులతో పడకనూ పోవచ్చు. మేం ఆమె దగ్గర ఒకటి దాస్తే, ఆమె మా దగ్గర ఒకటి దాచింది. ఒక ఇంట్లో అబద్ధం ఒంటరిగా ఉండదు.

మూడోది, ఆ శరీరం ఎవరిది? పోర్ట్ ఆమె ఛాతీలో ఉంటుంది, మన ఛాతీలో కాదు. స్పృహలో ఉన్న పెద్దమనిషికి చికిత్స చేయాలంటే ఆ మనిషి ఒప్పుదలే కావాలని, తల్లి ఇచ్చిన ఒప్పుదల కూడా దానికి సాటిరాదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోర్టు చెప్పకముందే ఇది మన మనస్సాక్షికి తెలియాల్సిన సంగతి. జీవితమంతా ఇంటి నిర్ణయాలు చేసిన తల్లిని జబ్బు పడగానే పసిపిల్లను చేసేస్తాం. అది గౌరవమా?

నల్లగొండ జిల్లా వారికి ఒక ఉదాహరణ చెబుతాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిపోయినవారిని మనం చూశాం. ఆ జబ్బును దాచడం ఎవరి తరమూ కాలేదు. అందరికీ కనిపించింది గనుకనే అందరూ కలిసి మంచినీళ్ళు కావాలని అడగగలిగారు. క్యాన్సర్ లోపల ఉంటుంది గనుక దాచగలుగుతున్నాం. దాచగలుగుతున్నాం గనుకనే దాన్ని ఎవరికివారు ఒంటరిగా మోస్తున్నాం.

అట్లాగని రిపోర్టు తెచ్చి మొహాన కొట్టినట్టు చెప్పమని నేననడం లేదు. సత్యం చెప్పడానికి ప్రేమ కావాలి, సమయమూ కావాలి. ముందు అడగండి: "నీ జబ్బు గురించి నీకేమనిపిస్తున్నది? అంతా తెలుసుకోవాలని ఉందా?" తెలుసుకోవాలంటే కొంచెం కొంచెంగా, నిజమే చెప్పండి. కొందరు, "నాకేమీ చెప్పకండి, పెద్దోనికి చెప్పండి, వాడే చూసుకుంటడు" అంటారు. అదీ ఆమె నిర్ణయమే, దాన్ని మన్నించాలి. ఆమె వద్దన్నందుకు చెప్పకపోవడం వేరు, అడగకుండానే దాచడం వేరు. ఇక ఎన్నాళ్ళు బతుకుతారని రోజులు లెక్కగట్టి చెప్పే పని ఎవరూ పెట్టుకోవద్దు.

చెప్పేటప్పుడు ఆశ కలిగించే నిజాలనూ చెప్పండి. కీమో మందు అనగానే వణికిపోయే మనకు దాని చరిత్రలో ఒక తెలుగువాడు ఉన్నాడని తెలియదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చారు. వారిలో 10 మందికి మెరుగు కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ మెరుగు కొంతకాలమే నిలిచింది. కాని అంతవరకు ఆశే లేని జబ్బులో ఒక తలుపు తెరుచుకుంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ మందుకు చెల్లెలు వంటి మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు ఈనాటికీ వాడుతున్నారు.

డబ్బు మాటకొస్తే, ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి పేదలకు చికిత్స చేస్తున్నది. పొలం అమ్మకముందు ఈ దారులను విచారించండి. పోర్ట్ ఖర్చు ఎవరు భరిస్తారో కూడా ముందే అడగండి.

ఇక సిద్ధపాటు. పోర్ట్ పెట్టడానికి ముందు ఎప్పటి నుండి ఏమీ తినకూడదో అడిగి తెలుసుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. ముందు గుండీలున్న వదులు జాకెట్టు వేసుకోవాలి, మెడలో గొలుసులు తీసి ఇంట్లో పెట్టాలి. పుండు మానేదాకా తడి తగలనీయకూడదు, బిందెలు, మూటలు మోయకూడదు. ఆ చోట ఎర్రబడినా, చీము కారినా, చేయి గాని మెడ గాని వాచినా ఆలస్యం చేయవద్దు. వాడని రోజుల్లోనూ డాక్టరు చెప్పిన గడువుకు పోయి పోర్ట్‌ను మందునీళ్ళతో కడిగించుకోవాలి.

మొదటి కీమోకు ముందు రక్తపరీక్షలు, కొన్ని మందులకైతే గుండె పరీక్ష చేస్తారు. పంటినొప్పి ఉంటే ముందే చూపించుకోవాలి. ఇంట్లో ఒక థర్మామీటరు కొనిపెట్టండి. రాత్రిపూట జ్వరం వస్తే ఏ బండిలో పోవాలో ఇప్పుడే అనుకోండి. ఎర్రమందు ఎక్కిస్తే ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. జుట్టు రెండు మూడు వారాలకు రాలడం మొదలవుతుంది, చికిత్స అయ్యాక మళ్ళీ వస్తుంది. నీళ్ళు కాచి చల్లార్చి తాగాలి, వండినది వేడిగా తినాలి. ఇరుగుపొరుగు వారికి ఒక మనవి: పరామర్శ పేరుతో గుంపుగా పోకండి. జలుబున్నవారు అసలే పోకండి. ఆ ఇంటికి ఒక పూట అన్నం వండి పంపండి, ఆసుపత్రికి తోడు వెళ్ళండి. అంతకంటే మంచి పరామర్శ లేదు.

ఒక్కమాట మన విచారణల గురించి కూడా. గురువులను ఇంటికి పిలిస్తే రోగి "ఇగ నా పని అయిపోయింది" అనుకుంటుందని పిలవడానికే జంకుతాం. పూర్వం అవస్థాభ్యంగనం అన్న పేరు మన మనసులో అంతగా నాటుకుపోయింది. కాని అది ప్రాణం పోయే ఘడియకు మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ చెప్పింది, 1972లో ఆరవ పౌలు జగద్గురువులు ఆ సాంగ్యాన్ని సవరించారు. ప్రమాదకరమైన జబ్బు మొదలైనప్పుడే, పెద్ద ఆపరేషన్‌కు ముందే దాన్ని పొందవచ్చు. అయితే జబ్బు పేరే దాచినప్పుడు ఆ ఓదార్పును ఎట్లా అందిస్తాం? గెత్సేమనే తోటలో ప్రభువు తన భయాన్ని శిష్యుల దగ్గర దాచలేదు. తోడుగా మేలుకొని ఉండమని అడిగారు. భయాన్ని చెప్పుకోనివ్వడం కూడా ఒక సేవే.

మొదటి కీమోకు ముందు రోజు రాత్రి అక్క నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని, కిరాణా కొట్లో ఎంత బాకీ ఉందో, విత్తనాలకు ఎవరి దగ్గర ఎంత తెచ్చిందో చెప్పి రాయించింది. "రాలిపోయేదాక ఎందుకు చూడాలె" అని కూతురిచేత జుట్టు కురచగా కత్తిరించుకున్నది. గురువులను పిలిపించమన్నది. తర్వాత మా అందరి ముందూ కడుపారా ఏడ్చింది. మేమూ ఏడ్చాం. నెల తర్వాత ఆ ఇంట్లో అందరం ఒకేచోట కూర్చొని ఏడ్చిన రాత్రి అది. ఆ రాత్రి అక్క బాగా నిద్రపోయింది.

ఆమెకు ఆ తర్వాత నయమైందా లేదా అని మీరడగవచ్చు. చికిత్స ఇంకా నడుస్తున్నది. కాని నయమైతేనే చెప్పింది మంచిదవుతుందని అనుకోవద్దు. నయమైనా కాకపోయినా, ఆమె బతుకు గురించిన మాట ఆమెకు దక్కాల్సిందే.

మీ ఇంట్లో ఇప్పుడు అలాంటి కాగితం ఒకటి బీరువాలో దాగి ఉంటే, ఈ వ్యాసం చదివిన రాత్రే చెప్పేయమని నేననను. ఆమె పక్కన కూర్చొని, చేయి పట్టుకొని, "నీకేమనిపిస్తున్నది?" అని అడగండి. తర్వాత మీరు మాట్లాడకండి. ఆమెను మాట్లాడనివ్వండి.