అడగాల్సిన ప్రశ్న

పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఒక స్నేహితురాలి కోసం మందుల షాపుకు వెళ్లాను. కావలసింది అత్యవసర గర్భనిరోధక మాత్ర. అప్పటికే నలుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. మెల్లగా పేరు చెప్పాను. కౌంటర్ దగ్గరున్నతను "ఏంటి మేడమ్?" అని గట్టిగా అన్నాడు. మళ్లీ చెప్పాను. నా మెడ వైపు చూసి "పెళ్లయిందా?" అన్నాడు. జవాబు చెప్పకుండా వచ్చేశాను. పక్క వీధి షాపులో ఒక్క మాట అడగలేదు. మాత్రను పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, నా మొహం చూడకుండా చిల్లర ఇచ్చాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. చాలాకాలం అలాగే అనుకుంటూ ఉండిపోయాను.

ఆ స్నేహితురాలు ఫిట్స్‌కు కార్బమజెపిన్ వాడేది. అది గానీ, ఫెనిటాయిన్ గానీ, టీబీకిచ్చే రిఫాంపిసిన్ గానీ వాడుతున్నవాళ్ల ఒంట్లో లెవోనార్జెస్ట్రెల్ త్వరగా విరిగిపోయి, దాని పని తగ్గిపోతుంది. ఈ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మాత్రను 72 గంటల లోపల, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిదని కూడా ఆ రోజు ఎవరూ చెప్పలేదు. మొదటి షాపు అడగకూడనిది అడిగింది. రెండోది అడగాల్సింది అడగలేదు. ఆమెకేమీ కాలేదు నిజమే. కానీ అదృష్టం ప్రమాణం కాదు.

సంబంధాలు తప్పిపోతాయని వాళ్లింట్లో ఫిట్స్ పేరే ఎత్తేవాళ్లు కాదు. ఒక మందు పెళ్లి కావాలి గనక గుట్టు, ఇంకొకటి పెళ్లి కాలేదు గనక గుట్టు. బయట ఆ రెండు గుట్లూ ఒకదానికొకటి తెలియవు. ఒంట్లో మాత్రం రెండు మందులూ కలుసుకుంటాయి.

మందుల షాపులో నాణ్యత అనగానే ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబరు, ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ గుర్తుకొస్తాయి. అవన్నీ కావలసినవే. అయితే మందు మంచిదై ఉండి, అది ఈ మనిషికి పనికొస్తుందో లేదో కనుక్కోకపోతే భద్రత సగమే. డాక్టర్ చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్‌దేనని 1948 నాటి ఫార్మసీ చట్టం చెప్తోంది. మందు ఎలా వాడాలో, దేనితో కలిస్తే ప్రమాదమో వివరించడం కూడా ఫార్మసిస్ట్ విధి అని 2015 నాటి నిబంధనలు చెప్తున్నాయి. చీటీ అక్కర్లేని మాత్ర దగ్గర ఆ మాట ఇంకా అవసరం. అక్కడ మధ్యలో డాక్టర్ కూడా ఉండరు.

మన శరీరాల మీద ఇతరుల అజమాయిషీని కాదనే క్రమంలో, ఎవరూ ఏమీ అడగకపోవడమే స్వేచ్ఛ అని మనం కొంత నమ్మాం. కారణం లేకపోలేదు. మనల్ని అడిగిన ప్రశ్నలన్నీ దాదాపు తీర్పులే. మరి పట్టించుకోవడానికీ కాపలా కాయడానికీ తేడా ఎక్కడుంది? ప్రశ్నలో కాదు, జవాబుతో ఏం చేస్తారన్న దానిలో ఉందనిపిస్తుంది. నా జవాబు వల్ల మందో మోతాదో మారితే అది సంరక్షణ. నా మీద అభిప్రాయం మారితే అది కాపలా. అదే ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు. ఆ మందు కొనే స్త్రీని "పిల్లలు కావాలనుకుంటున్నారా?" అని అడగకపోవడం మర్యాద కాదు, నిర్లక్ష్యం.

ఇంత రద్దీలో ఇవన్నీ ఎవరడుగుతారంటారు. తక్కువ జీతానికి పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడే కుర్రాడి నుంచి ఇది ఆశించడం అన్యాయమే. కనుక ఇది వ్యక్తి మంచితనానికి వదిలేయాల్సిన విషయం కాదు, ఏర్పాటుకు సంబంధించినది. కౌంటర్‌కు రెండడుగుల పక్కన తగ్గు గొంతుతో మాట్లాడుకునే చోటు, చదువుకున్న మనిషి, అడగాల్సిన రెండు మూడు ప్రశ్నలు. ఆ చోటు లేకపోతే సరైన ప్రశ్నకు కూడా నిజమైన జవాబు రాదు. ఆ నలుగురి ముందు అడిగి ఉంటే నేను మాత్రం ఫిట్స్ మాట చెప్పేదాన్నా?

మా వీధి మందుల షాపులో ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది. అందులో ఒక స్త్రీ పేరుంది. ఆవిడ ఎప్పుడుంటారని మొన్న అడిగాను. కుర్రాడు నవ్వి, "ఏ మందు కావాలో చెప్పండి మేడమ్, నేనిస్తాను" అన్నాడు.