పట్టుబడ్డవాడు

"మనవాళ్ళని చంపడానికి తుపాకీ పట్టుకొచ్చినవాడికి మళ్ళీ హక్కులేమిటమ్మా?" అని పక్కింటి పిన్నిగారు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జాలి, పుణ్యం అంటూ దాటేస్తే తీరేది కాదు.

యుద్ధఖైదీల గురించి 1949లో జెనీవాలో దేశాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. మొత్తం 143 నిబంధనలు. ఏవో గొప్ప ఆదర్శాలుంటాయనుకుంటాం గానీ, చాలావరకు ఇంటి సంగతుల్లాంటివే. ఖైదీ తన పేరు, హోదా, పుట్టినతేదీ, సైన్యంలో నంబరు చెబితే చాలు. అంతకుమించి రాబట్టడానికి కొట్టకూడదు, బెదిరించకూడదు. నెలకి కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకోనివ్వాలి. అతనికి అలవాటైన తిండేదో కూడా చూసుకోవాలి. నలుగురిలో నిలబెట్టి వేడుక చూడకూడదు. పొగతాగనివ్వాలని కూడా ఉంది. మా ఇంట్లో మావారికే ఆ హక్కు లేదు!

ఇవన్నీ సరే. ఖైదీలమీద ప్రతీకారం తీర్చుకోకూడదన్న నిబంధన దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. అంటే అవతలివాళ్ళు మనవాళ్ళని హింసించినా, మన చేతికి చిక్కినవాణ్ణి మనం ముట్టుకోకూడదన్నమాట. పెళ్ళిలో వాళ్ళు పెట్టిన చీర ఖరీదు గుర్తుపెట్టుకుని, మళ్ళీ అంతలోనే పెట్టేవాళ్ళం మనం. ఇది ఆ లెక్కకి లొంగేది కాదు.

1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయి. సుమారు 93,000 మంది మన చేతికి చిక్కారు. తూర్పు బెంగాల్లో జరిగిన ఘోరాలు అప్పటికే లోకమంతా విన్నది. కోపం రాకుండా ఎలా ఉంటుంది? అయినా శిబిరాల్లో అన్నం పెట్టారు, రెడ్‌క్రాస్ వాళ్ళని లోపలికి రానిచ్చారు. అది మనం చెప్పుకోదగ్గదే. కానీ పోరు ఆగాక ఆలస్యం చేయకుండా ఇళ్ళకి పంపాలని కూడా ఆ ఒప్పందంలోనే ఉంది. ఆఖరి జట్టు వెళ్ళేసరికి 1974 ఏప్రిల్ అయింది. రాజకీయంగా ఎన్ని కారణాలైనా ఉండవచ్చు. అన్నం పెట్టాం కదా అని ఆ రెండేళ్ళూ మాఫీ అయిపోవు. అక్కడ వాళ్ళకీ పెళ్ళాం బిడ్డలుంటారు.

ఇటువైపూ కొన్ని ఇళ్ళున్నాయి. ఆ యుద్ధంలో కనిపించకుండా పోయిన మనవాళ్ళు కొందరు పాకిస్తాన్ జైళ్ళలో ఉన్నారని మన ప్రభుత్వం అంటూ వచ్చింది. లేరని వాళ్ళన్నారు. శిబిరం చేరిన వారంలోగా ఖైదీ చేత ఇంటికో కార్డు రాయించాలని నిబంధన. ఆ కార్డు కోసం ఏళ్ళతరబడి చూసిన ఇల్లాలి ఎదుట కూర్చుని, ప్రతీకారం వద్దని చెప్పగలనా? గొంతు పెగలదు. అయినా ఇక్కడొక ఖైదీని కొడితే ఆమెకి కార్డు రాదు. ఆ దెబ్బ గురించి ఇంకో ఇంట్లో ఇంకో ఇల్లాలు వింటుంది, అంతే.